కుండలో సముద్రం

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశారు. కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. హాల్లో ఆరడుగుల ఉప్పునీటి అక్వేరియం పెట్టాలని కోరిక. "మాస్టారూ, సూర్యలంక మనకి గంటన్నర దూరం. ట్రాలీ ఆటోలో క్యాన్లు వేసుకెళ్లి సముద్రపు నీళ్లే తెచ్చేసుకుంటే పోలా?" అని అడిగారు.

తెచ్చుకోవచ్చు. కానీ ఆ చేపలకు కావాల్సిన సముద్రం అది కాదు. అక్వేరియంలో పెంచుకునే రంగురంగుల చేపలు పగడపు దిబ్బల దగ్గర పుట్టినవి. అక్కడ నీరు తేటగా ఉంటుంది, లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, అది ఏడాది పొడవునా పెద్దగా మారదు. మన తీరం అలా కాదు. అటు గోదావరి, ఇటు కృష్ణ వరదనీళ్లు తెచ్చి కలుపుతాయి. వానాకాలం వెళ్లాక బంగాళాఖాతం ఉత్తర భాగం నుంచి ఉప్పు తగ్గిన నీరు తీరం వెంట దక్షిణానికి దిగుతుంది. ఒడ్డు దగ్గర అలలు బురదని కెలుకుతూనే ఉంటాయి. పైగా క్యాన్ మూత బిగించాక అందులోని సూక్ష్మజీవులు చావడం మొదలవుతుంది. ఇల్లు చేరే సరికి మీ దగ్గరున్నది వేరే నీరు.

"అయితే రాళ్ల ఉప్పు కలుపుకుంటాను" అన్నారాయన. ఈ మాట చాలామంది అంటారు. సముద్రం నుంచే కదా ఉప్పు వచ్చింది, తిరిగి నీళ్లలో వేస్తే సముద్రం అవదా? అవదు. ఎందుకు అవదో తెలియాలంటే చినగంజాం ఉప్పుమడుల్లో నీరు ఆవిరయ్యే క్రమం చూడాలి. ముందు కాల్షియం కార్బొనేట్ విడిపోతుంది. నీరు ఇంకాస్త తగ్గాక జిప్సం. మొదటి పరిమాణంలో పదో వంతుకి వచ్చాక మాత్రమే మనం కూరలో వేసుకునే సోడియం క్లోరైడ్ గడ్డకడుతుంది. చివరికి మిగిలే చేదునీటిలో మెగ్నీషియం, పొటాషియం ఉండిపోతాయి. రైతు ఉప్పు ఎత్తుకుని ఆ చేదునీటిని వదిలేస్తాడు. అంటే మన ఇంటికి వచ్చిన రాళ్ల ఉప్పు సముద్రంలో ఒక ముక్క మాత్రమే. లీటరు సముద్రపు నీటిలో ఉండే 1.3 గ్రాముల మెగ్నీషియం, 0.4 గ్రాముల కాల్షియం, మరో 0.4 గ్రాముల పొటాషియం చాలావరకు దారిలోనే రాలిపోయాయి. కాబట్టి అవన్నీ లెక్క ప్రకారం కలిపిన అక్వేరియం ఉప్పునే కొనాలి. ఆ ఆరడుగుల తొట్టిలో పోసే 600 లీటర్లకి 21 కిలోల పైనే పడుతుంది. వారానికి పదో వంతు నీరు మారిస్తే, ప్రతిసారీ ఇంకో రెండు కిలోలు.

ఆ ఉప్పు కలిపే నీరు కూడా ఉట్టి నీరై ఉండాలి. ఇంట్లో ఆర్‌వో మెషిన్ ఉంటే చాలదు. రుచి కోసం మినరల్స్ తిరిగి కలిపే గొట్టాన్ని తీసేసి, దాని తర్వాత, నీటిలో మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఅయనైజేషన్ రెజిన్ తగిలించాలి. నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటర్ సున్నా చూపించాలి. బోరు నీళ్లు నేరుగా వద్దు.

బరువు సంగతి క్లుప్తంగా చెప్తాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టిలో అంచుదాకా పోస్తే 680 లీటర్లు. గాజు, రాళ్లు, స్టాండు కలిపితే టన్ను పక్కాగా దాటుతుంది. అదంతా పన్నెండు చదరపు అడుగుల మీద. ఇళ్లలో గదులకి భారతీయ ప్రమాణం తీసుకునే భారం చదరపు మీటరుకి సుమారు 200 కిలోలు. ఇక్కడ పడేది 900 పైమాటే. ఇంటికి డిజైన్ ఇచ్చిన ఇంజనీరుకి చూపించి, గోడ వారగా, బీము మీద పడేలా పెట్టాలి. "ఈశాన్యంలో పెట్టమన్నారండీ" అన్నారు ఆయన. ఆయన ఇంట్లో ఈశాన్యం మూల కిటికీలోంచి పొద్దున్నే ఎండ పడుతుంది. నాచు పెరుగుతుంది, నీరు వేడెక్కుతుంది. బీము ఎక్కడుందో, ఎండ ఎక్కడ పడుతుందో, ఆ రెండే మూలని నిర్ణయించాలి.

ఇక అసలు విషయం. మన ఊళ్లలో ఉప్పునీటి తొట్టి పెట్టేవాళ్లు చేపల గురించి, లైట్ల గురించి గంటలు మాట్లాడతారు. ఆవిరి గురించి ఎవరూ మాట్లాడరు. తొట్టి బతికేదీ చచ్చేదీ అక్కడే.

నేను ముప్ఫై ఏళ్లు విజయవాడలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. గుప్తోష్ణం పాఠం వస్తే అందరూ 540 అని ఠక్కున చెప్పేవాళ్లు. గ్రాము నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి 540 కెలోరీలు. బాగుంది. మరి వరండాలో ఉన్న మట్టికుండ 100 డిగ్రీల దగ్గర ఉందా? అడిగితే క్లాసు నిశ్శబ్దం. కుండలో నీరు మరగకుండానే ఆవిరవుతోంది. 30 డిగ్రీల దగ్గర గ్రాముకి పట్టే వేడి 540 కన్నా ఎక్కువ, సుమారు 580 కెలోరీలు. చల్లటి నీటిలో అణువుల మధ్య పట్టు ఇంకా గట్టిగా ఉంటుంది కాబట్టి విడిపించడానికి ఎక్కువ ఖర్చవుతుంది. ఆ ఖర్చు కుండలోని నీరే భరిస్తుంది. అందుకే చల్లబడుతుంది. పరీక్షలో రాసే అంకె నేర్పాం, ఎదురుగా ఉన్న కుండని చూపించలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఆ కుండని హాల్లోకి తెద్దాం. తొట్టిలో 600 లీటర్లున్నాయి. అందులోంచి ఒక లీటరు ఆవిరైతే 580 కిలో కెలోరీలు పోతాయి. 600 లీటర్ల నుంచి 580 కిలో కెలోరీలు పోతే ఎంత చల్లబడాలి? దాదాపు ఒక డిగ్రీ. లీటరుకి డిగ్రీ. ఇంత చక్కగా కుదిరిన లెక్క నాకు ఎప్పుడు చూసినా సంబరంగా ఉంటుంది.

ఎదురు పక్క చూద్దాం. నీటిని తిప్పే పంపులు, అలలు పుట్టించే పంపులు, నురుగుతో మురికిని తీసే స్కిమ్మర్ అన్నీ కలిపి 100 వాట్లు అనుకోండి. నీటిలో తిరిగే పంపు తినే కరెంటు చివరికి వేడిగా మారి చాలావరకు నీటిలోనే చేరుతుంది. రోజుకి అది 2,064 కిలో కెలోరీలు. వేడి పోయే దారి లేకపోతే రోజుకి మూడున్నర డిగ్రీలు పెరగాలి. దాన్ని ఆపడానికి మూడున్నర లీటర్లు ఆవిరైపోవాలి. చేపలు దూకుతాయని తొట్టి మీద గాజు మూత బిగించారంటే కుండకి మైనం పూసినట్టే. వల కట్టండి, మూత వద్దు. నీటి మీదుగా వీచేలా చిన్న ఫ్యాన్ పెట్టండి.

కానీ పోయేది నీరు మాత్రమే. ఉప్పు పోదు. అంటే ఈ తొట్టి ఒక పక్క కుండ, ఇంకో పక్క ఉప్పుమడి. రోజుకి ఆరు లీటర్లు ఆవిరై, మీరు ఏమీ కలపకపోతే, పది రోజుల్లో 600 లీటర్లు 540 అవుతాయి, 35 గ్రాములు దాదాపు 39 అవుతాయి. కొత్తవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. మట్టం తగ్గిందని కలిపి పెట్టుకున్న ఉప్పునీరు పోస్తారు. పోయింది మంచినీరు, పోసింది ఉప్పునీరు. చేప ఒంట్లోని నీటిని బయటి ఉప్పు లాగేస్తూ ఉంటే అది సముద్రపు నీరు తాగి, మిగులు ఉప్పుని మొప్పల ద్వారా తోసేస్తూ బతుకుతుంది. ఆ పని ఒక్కసారిగా పెంచకూడదు. తగ్గిన మట్టాన్ని ఎప్పుడూ శుద్ధమైన మంచినీటితోనే నింపాలి. మట్టం దిగగానే పనిచేసే ఫ్లోట్ స్విచ్ పెడితే తొట్టి దానంతటదే నింపుకుంటుంది. మొదట కొనాల్సిన వస్తువుల్లో నేను దీన్ని లైటు కన్నా ముందు పెడతాను.

ఇంతవరకూ కుండ మన స్నేహితుడు. అయితే కుండ చల్లబరిచే శక్తికి ఒక హద్దుంది, ఆ హద్దు మే నెలలో కాదు, జూలైలో కనిపిస్తుంది.

థర్మామీటర్ బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచితే అది కొంతవరకు దిగి ఆగుతుంది. దాన్ని తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. కుండైనా, కూలరైనా, తొట్టైనా ఆ గీతకి కిందకి దిగవు, ఫ్యాన్ ఎంత జోరుగా తిప్పినా సరే. మేలో మధ్యాహ్నం 43 డిగ్రీలు, తేమ 30 శాతం అనుకోండి. తడి బల్బు సుమారు 28. వడగాడ్పుకి మనుషులు అల్లాడిపోతారు, కుండలో నీళ్లు మాత్రం చల్లగా ఉంటాయి. ఇప్పుడు జూలైలో వాన వెలిసిన సాయంత్రం. 34 డిగ్రీలే, కానీ తేమ 80 శాతం. తడి బల్బు 31. థర్మామీటర్ తొమ్మిది డిగ్రీలు తగ్గింది, తొట్టి గీత మూడు డిగ్రీలు పైకి జరిగింది. బెజవాడ ఉక్కపోత అంటే ఇదే. చెమట ఆరని రోజున తొట్టీ చల్లబడదు. పంపుల వేడి కూడా ఉంది కాబట్టి అసలు నీరు ఆ గీతకి ఇంకా పైనే ఆగుతుంది.

పగడాలకి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. అవి అలవాటు పడిన వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ పైన కొన్ని వారాలు ఉంటే తమలో కాపురముంటున్న నాచుని వెళ్లగొట్టి తెల్లబడిపోతాయి. అందుకే మన దగ్గర చిల్లర్, అంటే ఫ్రిజ్‌లా నీటిని చల్లబరిచే యంత్రం, విలాసం కాదు, హీటరే పెద్దగా పనికిరాని వస్తువు. చిల్లర్ నీటిలోంచి తీసిన వేడిని, తాను తిన్న కరెంటు వేడితో కలిపి పక్కన ఊదుతుంది. తొట్టి కింద చెక్క అరలో మూసిపెడితే ఆ వేడి మళ్లీ నీటికే చేరుతుంది. బయట వరండాలో పెట్టి గొట్టాలు లోపలికి లాగాలి. హాల్లో ఏసీ ఉంది కదా అంటే, ఏసీ గాలిలో తేమ కూడా తీసేస్తుంది కాబట్టి మేలే. కానీ రాత్రి నాలుగు గంటలు వేసి ఆపేస్తే నీరు రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అదీ మంచిది కాదు.

చేపల సంగతికి వస్తే, వాటికన్నా ముందు పెంచాల్సినవి కంటికి కనిపించవు. చేప మొప్పల నుంచి అమ్మోనియా వస్తుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో ప్రతి 200 అణువుల్లో ఒకటే విష రూపంలో ఉంటుంది. సముద్రపు పీహెచ్ 8.2 దగ్గర అది పద్నాలుగు దాకా పెరుగుతుంది, వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు రాళ్ల మీద స్థిరపడాలి. వాటికి దొరికే శక్తి చాలా కొద్ది, అందులోంచే కార్బన్ డయాక్సైడ్‌ని ఒంటిగా మార్చుకోవాలి. కాబట్టి మన పేగుల్లోని ఈ.కోలై ఇరవై నిమిషాల్లో రెట్టింపయితే, వీటికి చాలా గంటలు పడుతుంది. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు లేకుండా, కొంచెం అమ్మోనియా వేసి తొట్టిని నడపాలి. ఇంకో ముచ్చట. అమ్మోనియాని ఇలా మార్చేది బ్యాక్టీరియా మాత్రమే అనుకునేవారు. 2005లో సియాటిల్ నగరపు అక్వేరియం తొట్టిలోని గులకరాళ్ల నుంచి నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అనే ఆర్కియాని వేరుచేశారు. బ్యాక్టీరియా కానే కాని ఆ జీవి కూడా అదే పని చేస్తుంది. దాని బంధువులు సముద్రాల నిండా ఉన్నాయని తేలింది. సముద్రం గురించి అంత పెద్ద సంగతి ఒక తొట్టిలో దొరికింది!

మొదటి వారమే చేపలు వేసి, అవి పోతే "ఇంటి మీది దిష్టి అది తీసుకుపోయింది" అనుకోవడం మనలో ఉంది. అలా అనుకోకండి. ఆ మాటతో నీటిని పరీక్షించడం మానేస్తాం, రెండో చేప కూడా పోతుంది. అది అమ్మోనియా. టెస్ట్ కిట్‌లో రంగు మారి కనిపిస్తుంది.

పప్పు ఉడికేటప్పుడు పైకి వచ్చే నురుగుని గరిటెతో తీసేస్తాం కదా, స్కిమ్మర్ చేసేది అదే. ఒక కొస నీటిని, ఇంకో కొస గాలిని ఇష్టపడే ప్రొటీన్లు బుడగ చుట్టూ అతుక్కుంటాయి. ఉప్పునీటిలో బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా సన్నగా నిలుస్తాయి కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది.

పగడాలు, సముద్రపు గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు. మన తీరంలో తీసిన పగడపు రాయి ఎవరు అమ్మినా కొనకండి. సిరామిక్ రాళ్లు చాలు. క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. అడిగి హేచరీ పిల్లల్నే తీసుకోండి.

కరెంటు పోయినప్పుడు ఏమవుతుందో కైకలూరు చెరువుల రైతులకి బాగా తెలుసు. తెల్లవారుజామున నీటిలో గాలి కలిపే ఏరేటర్ ఆగితే చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. సముద్రపు నీటిలో ఆక్సిజన్ మంచినీటి కన్నా తక్కువ పడుతుంది. 26 డిగ్రీల దగ్గర లీటరుకి 6.6 మిల్లీగ్రాములు, 31 దగ్గర 6.1. వేడికి చేప ఊపిరి వేగం పెరిగే సమయానికే నీటిలో నిల్వ తగ్గుతుంది. ఫ్యాన్ ఆగితే కుండా ఆగిపోతుంది. ఇన్వర్టర్ మీద ముందు అలల పంపు, తర్వాత ఫ్యాన్. లైటు అక్కర్లేదు. పంపు ఆగగానే పై తొట్టి నీరు కింద సంప్‌లోకి, అంటే స్టాండులో ఉండే చిన్న తొట్టిలోకి, దిగుతుంది. ఐదు సెంటీమీటర్లు దిగితే 55 లీటర్లు. సంప్‌లో అంత ఖాళీ ఉంచాలి. ప్లగ్గులన్నీ కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ మీద ఉండాలి, తీగ ప్లగ్గు కన్నా కిందకి వేలాడి పైకి వెళ్లేలా వంపు తిప్పాలి.

ఇదంతా విన్నాక ఆ పాఠకుడికి ఒక పని చెప్పాను. ఏమీ కొనకముందు తొట్టి పెట్టే చోట బకెట్ నిండా నీళ్లు, మీద టేబుల్ ఫ్యాన్, లోపల థర్మామీటర్, గోడకి తేమ మీటర్ పెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రాసుకోండి.

పది రోజులకి మళ్లీ ఫోన్ చేశారు. "మాస్టారూ, నిన్న వాన పడి వెలిసింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బకెట్లో నీళ్లు 31 దగ్గర ఆగిపోయాయి, కదల్లేదు." హాలు గోడలో చిల్లర్ గొట్టాలకి రంధ్రం ఎక్కడ వేయాలో మేస్త్రీని పిలిపించి చూపిస్తున్నారట.