ఊడిన పన్నుకి వేరు ఏమైంది?

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుజ్జి అడిగిన ప్రశ్న నా మనసులోంచి పోవడం లేదు. "తాతయ్యా, నా పన్ను ఊడింది కానీ దానికి వేరు లేదు. లోపల విరిగిపోయిందా?" అన్నావు. ఏమీ విరగలేదమ్మా, టెన్షన్ పడకు. ఆ పన్నుకి మొదట్లో మంచి వేరు ఉండేది. అదెక్కడికి పోయిందో ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పలేక, ఇలా కూర్చుని రాస్తున్నాను.

పన్నులో పైకి కనిపించే భాగం కిరీటం. చిగురు కింద, దవడ ఎముకలో దిగి ఉన్నది వేరు. రెండూ కలిసే చోటు మెడ. కిరీటాన్ని కప్పి ఉండే పొర ఎనామిల్, బడి పుస్తకాల్లో దాన్నే పింగాణి అంటారు. మన ఒంట్లో దానికన్నా గట్టిది ఇంకొకటి లేదు, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. దాని కింద లేత పసుపు రంగులో ఉండేది డెంటిన్. పన్నులో ఎక్కువ భాగం ఇదే. అన్నిటికన్నా లోపల మెత్తటి పల్ప్ ఉంటుంది. రక్తనాళాలూ నరాలూ అందులోనే ఉంటాయి. పుచ్చు అక్కడిదాకా దిగిందంటే రాత్రి నిద్ర ఉండదు.

వేరు మీద ఎనామిల్ ఉండదు, సిమెంటం అనే పలచటి పొర ఉంటుంది. ఆ సిమెంటానికీ దవడ ఎముకకీ మధ్య సన్నటి పోగులు అల్లుకుని ఉంటాయి. అంటే పన్ను ఎముకకి అతుక్కుపోయి లేదు, ఆ పోగుల మీద వేలాడుతోంది! మనం గట్టిగా కొరికినప్పుడు ఆ ఒత్తిడి నేరుగా ఎముకకి తగలకుండా కాచేవి అవే. నోట్లో చిన్న ఇసుక రేణువు పడినా మనకి వెంటనే తెలిసేది కూడా ఆ పోగుల మధ్య ఉన్న నరాల వల్లే. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక పన్ను పుట్టుక. బిడ్డ అమ్మ కడుపులో పడిన ఆరో వారానికే పళ్ళ పని మొదలవుతుంది. నోటి లోపలి పొర దవడ పొడవునా కొంచెం మందంగా మారి, దాని నుంచి పై దవడలో పది, కింది దవడలో పది మొగ్గలు లోపలికి దిగుతాయి. అవే మీ ఇరవై పాలపళ్ళు. మొగ్గ పెరిగి టోపీలా అవుతుంది, ఆ తర్వాత గంటలా అవుతుంది. డాక్టర్లు కూడా ఈ దశల్ని మొగ్గ దశ, టోపీ దశ, గంట దశ అనే పిలుస్తారు. గంట దశలో రెండు వరసల కణాలు ఎదురెదురుగా నిలబడతాయి. లోపలి వరస డెంటిన్ వేస్తుంది, దాని మీద బయటి వరస ఎనామిల్ వేస్తుంది. పని పన్ను కొస దగ్గర మొదలై కిందికి వస్తుంది. వేరు అన్నిటికన్నా చివర. పన్ను చిగురు చీల్చుకుని బయటికొచ్చాక కూడా వేరు ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

ఎనామిల్ కణాలు ఏ రోజు పని ఆ రోజు కొంచెం కొంచెంగా చేస్తాయి. పన్నుని పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆ రోజువారీ గీతలు కనిపిస్తాయి, చెట్టు మానులో వలయాల్లాగా. పాలపళ్ళలో ఒక గీత మిగతావాటికన్నా స్పష్టంగా ఉంటుంది. అది బిడ్డ పుట్టిన వేళకి పడిన గీత. బుజ్జీ, నువ్వు డబ్బీలో దాచుకున్న ఆ పన్నులో కూడా నువ్వు పుట్టిన రోజు గుర్తు ఉంది.

అయితే పన్ను బయటికొచ్చేసరికి ఆ ఎనామిల్ కణాలు ఒక్కటీ మిగలవు. డెంటిన్ వేసే కణాలు పల్ప్ అంచున బతికే ఉంటాయి, ఎనామిల్‌వి ఉండవు. చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్‌కి గుంట పడితే మాత్రం మళ్ళీ పూడ్చేవాళ్ళు లోపల ఎవరూ లేరు. రాత్రి బ్రష్ చేయకుండా పడుకోవద్దని నేను అంతగా పోరేది ఇందుకే.

ఇప్పుడు నీ వేరు సంగతి. పాలపన్ను కింద శాశ్వత పన్ను తయారై పైకి జరుగుతుంటే, దారిలో ఉన్న పాలపన్ను వేరుని కొన్ని ప్రత్యేక కణాలు కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. పట్టు పోయి పన్ను ఊగుతుంది. చివరికి చేతిలోకి వచ్చేది కిరీటం ఒక్కటే.

నోటిని నాలుగు భాగాలు చేస్తే, ఒక్కో భాగంలో పాలపళ్ళు ఐదు: కొరికే కుంతకాలు రెండు, కోరపన్ను ఒకటి, నమిలే దవడ పళ్ళు రెండు. పెద్దవాళ్ళకి ఒక్కో భాగంలో ఎనిమిది, మొత్తం 32. చిత్రమేమిటంటే, పాల దవడ పళ్ళు ఊడిన చోట వచ్చేవి అగ్రచర్వణకాలు, అంటే చిన్న దవడ పళ్ళు. పెద్ద దవడ పళ్ళు ఏ పాలపన్ను స్థానంలోనూ రావు. వాటన్నిటి వెనక, ఖాళీ చిగురులోంచి వస్తాయి.

నేను మీకు గట్టిగా చెప్పాలనుకున్నది వీటి గురించే. వాటిలో మొదటిది సుమారు ఆరేళ్ళకి వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా, చప్పుడు లేకుండా వస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ దాన్ని పాలపన్నే అనుకుంటారు. నా చిన్నప్పుడు నాకు ఎడమవైపు కింద అది పుచ్చింది. "పాలపన్నేగా, పోతే మళ్ళీ వస్తుందిలే" అన్నారు పెద్దవాళ్ళు. తొమ్మిదేళ్ళకి పీకించేశారు. మళ్ళీ రాలేదు. దాని వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరిగిపోయింది, ఇవాళ్టికీ నేను ఆ వైపు సరిగ్గా నమలలేను. డాక్టర్లు పళ్ళకి నంబర్లు పెడతారు: భాగం అంకె ముందు, మధ్య నుంచి ఎన్నో పన్నో తర్వాత. ఎడమ కింది భాగం అంకె 3, పన్ను ఆరోది. నా చీటీ మీద "36 లేదు" అని రాస్తారు.

అందుకని మీరిద్దరూ ఒక పని చేయండి. అద్దం ముందు నోరు తెరిచి, కింది పళ్ళని మధ్య నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఐదు తర్వాత ఆరోది కనిపిస్తే, దాని మీద నల్లటి గీతలు గానీ గుంటలు గానీ ఉన్నాయేమో అమ్మని టార్చ్ వేసి చూడమనండి. చిన్నూకి వచ్చే ఉంటుంది, బుజ్జికి చిగురు ఉబ్బి ఉండొచ్చు. ఎన్ని లెక్కకొచ్చాయో, ఏ వైపు ఎన్నో నాకు రాయండి.

ప్రేమతో,
మీ తాతయ్య