కథ, కవిత సంపాదకుడి బల్ల మీదికి వచ్చాక: అపోహలు - వాస్తవాలు

విజయవాడ నుంచి వెలువడే ఒక చిన్న సాహిత్య పత్రికకు వచ్చే కథలనూ కవితలనూ చాలా ఏళ్లుగా చదువుతున్నాను. ఏటా జనవరిలో ఇక్కడ జరిగే పుస్తక మహోత్సవంలో కొత్త రచయితలు కలుస్తుంటారు. వారి ప్రశ్నల వెనుక కొన్ని అపోహలు ప్రతిసారీ వినిపిస్తాయి.

అపోహ: వస్తువు బలమైనదైతే కథ దానంతట అదే నిలబడుతుంది.

వాస్తవం: మేము తిప్పి పంపే కథల్లో చాలావాటికి వస్తువు మంచిదే, ఎత్తుగడే ఆలస్యమవుతుంది. ఒకసారి గుంటూరు ప్రాంతపు మిర్చి రైతు కథ ఒకటి వచ్చింది. మొదటి రెండు పేజీలూ ఊరి వర్ణనతో, వర్షాభావంతో, అప్పుల చిట్టాతో నిండిపోయాయి. మూడో పేజీలో, యార్డులో సరుకు చూడవచ్చిన వ్యాపారి టిక్కీలోంచి (మిర్చి బస్తాలోంచి) ఒక కాయ తీసి, తుంచి చూసి, ఒక్క మాటైనా అనకుండా పక్క రైతు దగ్గరికి వెళ్లిపోతాడు. కథ నిజానికి అక్కడ మొదలైంది. ముందున్న రెండు పేజీలూ తీసేసి, రైతు రంగు పోయిన తాలుకాయలను ఎవరూ చూడకుండా అడుగుకు నెట్టే తీరులోనే అప్పు బరువు తెలిసేలా తిరగరాయమని కోరాను. రెండు నెలల తర్వాత వచ్చిన ప్రతిని ఒక్క అక్షరం మార్చకుండా వేసుకున్నాం. 1910లో బందరు ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడిన గురజాడ కథ ‘దిద్దుబాటు’ కూడా రాత్రి ఒంటిగంటకు ఇంటికి చేరి తలుపు తడుతున్న భర్తతోనే మొదలవుతుంది. ఆ దంపతుల పూర్వకథ చెప్పడానికి రచయిత అక్కడ ఆగలేదు.

అపోహ: కొసమెరుపు లేకపోతే అది కథే కాదు.

వాస్తవం: పాత్రకు మొదటి నుంచీ తెలిసిన సంగతిని చివరి వాక్యం దాకా పాఠకుడికి దాచిపెడితే, అతనికి మెరుపు కనిపించదు, మోసపోయాననిపిస్తుంది.

అపోహ: వాక్యాన్ని ముక్కలుగా విరిచి ఒకదాని కింద ఒకటి పేర్చితే వచన కవిత అవుతుంది.

వాస్తవం: తేటగీతి పద్యపాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు (గణమంటే గురులఘువుల గుంపు) రావాలన్న నియమమే పాదం ఎక్కడ ఆగాలో నిర్ణయిస్తుంది. వచన కవితలో ఆ బాధ్యత పూర్తిగా కవి చెవి మీద పడుతుంది కాబట్టి, అది పద్యం కన్నా సులువని నేను అనుకోను. అనుమానం కలిగిన కవితను పాదాలన్నీ కలిపి ఒక పేరాగా పైకి చదువుతాను. ఏమీ పోగొట్టుకున్నట్టు అనిపించకపోతే పక్కన పెడతాను. (మా ఊరి కవులు కృష్ణమ్మను పిలవకుండా కవిత ఎత్తుకోరు. పిలవడంలో తప్పులేదు గానీ, పిలిచాక ఆమెతో ఏదైనా మాట్లాడాలి కదా!)

అపోహ: పరిచయాలున్నవారి రచనలే అచ్చవుతాయి.

వాస్తవం: పేరున్న రచయిత కవరును ముందు తెరుస్తామన్నది నిజమే. అయితే ప్రతి సంచికకూ కొత్త గొంతు దొరకాలన్న ఆరాటం మాకూ ఉంటుంది.

అపోహ: తిరిగి వచ్చిన రచన పనికిరానిది.

వాస్తవం: అదే ఇతివృత్తంతో కిందటి సంచికలోనే కథ వచ్చి ఉండవచ్చు, పేజీలు చాలకపోయి ఉండవచ్చు. తిప్పి పంపిన రచయితల పేర్లు నాకు గుర్తుండవు. ఒకే కథను రెండు పత్రికలకు పంపి, రెండుచోట్లా ‘మరెక్కడికీ పంపలేదు’ అన్న హామీపత్రం మీద సంతకం చేసినవారి పేర్లు మాత్రం మరిచిపోలేదు.