చిల్లుకుండలో దాచిన జ్ఞాపకాలు

"ఫోన్‌లో మెమరీ నిండిపోయింది" అని అందరం అంటుంటాం. నిజానికి నిండింది మెమరీ కాదు, స్టోరేజీ. ఫోన్ డబ్బా మీద 8 జీబీ, 128 జీబీ అంటూ రెండు అంకెలు కనబడతాయి. మొదటిది ర్యామ్. కంప్యూటర్ శాస్త్రంలో మెమరీ అంటే సాధారణంగా ఇదే. రెండోది ఫొటోలూ పాటలూ ఉండే చోటు. రెండూ బిట్లనే, అంటే 0, 1 అనే గుర్తులనే దాస్తాయి. రెండూ సిలికాన్ చిప్పులే, పైకి ఒకేలా నల్లటి బిళ్లల్లా ఉంటాయి. తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉంది: కరెంటు ఆగిపోతే ఏం మిగులుతుంది? మొదటిది నీటి మీద రాత. రెండోదాన్ని మనం రాతి మీద రాత అనుకుంటాం. అదీ అలాంటిది కాదని చెప్పడానికే ఈ వ్యాసం. కంప్యూటర్‌లో ఏదైనా దాచడమంటే ఒక మూలన పడేసి నిశ్చింతగా ఉండడం కాదు. అది చెరిగిపోకుండా ఎవరో ఒకరు కాపలా కాస్తూనే ఉండాలి.

ముందు ర్యామ్ సంగతి చూద్దాం. ఇప్పటి కంప్యూటర్లలో ప్రధాన మెమరీగా పనిచేసేది డీర్యామ్. ఇందులో ఒక్కో బిట్‌కు ఒక్కో గది. గదిలో ఉండేవి రెండే: విద్యుదావేశాన్ని పట్టి ఉంచే బుల్లి కెపాసిటర్, దానికి తలుపులా పనిచేసే ట్రాన్సిస్టర్. కెపాసిటర్‌లో ఆవేశం ఉంటే 1, లేకపోతే 0. 8 జీబీ ర్యామ్‌లో ఇలాంటి గదులు దాదాపు 6,870 కోట్లు ఉంటాయి.

చిక్కేమిటంటే, ఈ కుండకు చిల్లుంది. తలుపు ఎంత గట్టిగా మూసినా ఆవేశం సన్నగా కారిపోతూనే ఉంటుంది. అలా వదిలేస్తే కాసేపటికి ఏది 1, ఏది 0 అన్నది తేల్చుకోలేం. అందుకని ఒక సర్క్యూట్ వరస వెంట వరసను చదువుతూ, కారిపోయిన మేరకు మళ్లీ నింపుతూ పోతుంది. మామూలుగా ప్రతి గదికీ 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి వంతు రావాలి. అంటే సెకనుకు పదిహేనుసార్లకు పైనే. మీరు కీబోర్డు ముట్టుకోకుండా తెర వంక చూస్తూ కూర్చున్నా ఈ నింపుడు ఆగదు. ఇంకో విచిత్రం ఉంది. ఇక్కడ చదవడమంటే చెరపడమే. గదిలో ఏముందో తెలియాలంటే తలుపు తీసి ఆవేశాన్ని బయటి తీగలోకి వదలాలి. అలా వదిలితే కుండ ఖాళీ అవుతుంది కాబట్టి, చదివిన వెంటనే ఉన్నది ఉన్నట్టు తిరిగి రాయాల్సిందే.

ఇంత కారిపోయేదాన్ని ఎందుకు ఎంచుకున్నట్టు? 1966లో ఐబీఎం పరిశోధకుడు రాబర్ట్ డెనార్డ్‌కు ఈ ఆలోచన వచ్చింది. అప్పట్లో చిప్ మీద ఒక బిట్‌ను నిలపడానికి ఆరు ట్రాన్సిస్టర్లు వాడేవారు. ఆయన ఒకే ఒక్క ట్రాన్సిస్టర్‌తో పని జరిపించవచ్చని చూపించారు. 1968లో పేటెంట్ వచ్చింది. 1970లో మార్కెట్లోకి వచ్చిన ఇంటెల్ 1103 అనే డీర్యామ్ చిప్‌లో గదికి మూడు ట్రాన్సిస్టర్లు, మొత్తం 1,024 బిట్లు. గదికి ఒక్కటే ట్రాన్సిస్టర్ ఉండే పద్ధతి ఆ తర్వాత స్థిరపడింది. కారని కుండలు నాలుగు పెట్టుకోవడం కంటే, కారే కుండలు వందలుగా పెట్టుకుని నింపుకుంటూ పోవడం మేలని తేల్చిన నిర్ణయం ఇది. నేను ఎరిగిన ఇంజనీరింగ్ నిర్ణయాల్లో ఇంత ధైర్యమైనవి అరుదు. ఆరు ట్రాన్సిస్టర్ల గది కూడా కనుమరుగు కాలేదు. దాన్ని ఎస్‌ర్యామ్ అంటారు. ప్రాసెసర్ లోపలే ఉండి, తరచూ కావలసినవాటిని దగ్గర పెట్టుకునే చిన్న మెమరీ క్యాష్. దాన్ని ఈ గదులతోనే కడతారు. అది వేగంగా పనిచేస్తుంది, మాటిమాటికీ నింపే పని లేదు. కానీ చాలా చోటు తినేస్తుంది.

కరెంటు పోగానే ర్యామ్ ఖాళీ అయిపోతుందని పాఠాల్లో చెబుతారు. అదీ పూర్తిగా నిజం కాదు. కుండ కారడానికి కొంత సమయం పడుతుంది. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులూ వారి సహచరులూ చిప్పులను చల్లబరిచి చూశారు. కరెంటు తీసేసిన తర్వాత కూడా నిమిషాల తరబడి అందులోని బిట్లు చాలావరకు చెక్కుచెదరలేదు. సమాచారాన్ని రహస్య లిపిలో దాచే తాళంచెవులను ఆ చిప్పుల నుంచి బయటకు లాగి చూపించారు. చలికి కారుడు నెమ్మదిస్తుంది, అంతే.

కారుడు కాకుండా ఇంకో శత్రువు కూడా ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల వల్ల పుట్టే కణమో, చిప్ పై తొడుగులోని రేడియోధార్మిక మలినం విసిరే కణమో వచ్చి తగిలితే ఒక బిట్ తారుమారవుతుంది. 2003లో బెల్జియంలోని స్కార్‌బీక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ జరిగినప్పుడు ఒక అభ్యర్థికి లెక్కకు మించి 4,096 ఓట్లు పడ్డాయి. ఆ అంకెను చూడండి. పన్నెండు 2లను ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చేది సరిగ్గా అదే. కంప్యూటర్ రాసుకునే అంకెలో ఒక్కో బిట్ విలువ పక్కదానికి రెట్టింపు. అంటే ఒకే ఒక్క బిట్ 0 నుంచి 1కి మారిందన్నమాట. అంతరిక్ష కిరణమే కారణమై ఉంటుందని అనుమానించారు, సాక్ష్యం దొరకలేదు. ఇలాంటివాటి కోసమే సర్వర్లలో తప్పును పసిగట్టి దిద్దుకునే మెమరీ వాడతారు. కొన్ని అదనపు బిట్లు చేర్చి, తప్పు ఎక్కడుందో లెక్కతోనే కనిపెట్టే ఆ ఉపాయాన్ని రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించారు.

జ్ఞాపకాన్ని తిప్పుతూ నిలబెట్టుకోవడం డీర్యామ్‌తో మొదలవలేదు. 1949లో కేంబ్రిడ్జ్‌లో మారిస్ విల్క్స్ బృందం నడిపిన ఎడ్సాక్ యంత్రంలో మెమరీ అంటే పాదరసం నింపిన గొట్టాలు. బిట్లను శబ్దతరంగాలుగా మార్చి గొట్టం ఒక కొస నుంచి పంపేవారు. అవి పాదరసంలో ఈదుకుంటూ రెండో కొసకు చేరగానే పట్టుకుని, అలసిన తరంగానికి మళ్లీ బలం పోసి మొదటి కొసకు తిప్పి పంపేవారు. సమాచారం ఎక్కడా ఆగి ఉండదు, ప్రయాణంలోనే ఉంటుంది. ప్రతిధ్వనిని చావనివ్వకుండా పదే పదే పలికించడమే అప్పటి జ్ఞాపకం. దీని గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యం తగ్గదు.

1950లలో కోర్ మెమరీ వచ్చింది. తీగల వల మీద గుచ్చిన చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలు. ఒక వైపు అయస్కాంతీకరిస్తే 1, మరో వైపయితే 0. కరెంటు పోయినా ఉంగరం మరిచిపోదు. కానీ చదివితే మాత్రం ఇదీ చెరిగిపోయేదే. ప్రోగ్రాం కూలిపోయినప్పుడు మెమరీలో ఉన్నదంతా తీసి రాయడాన్ని ప్రోగ్రామర్లు నేటికీ "కోర్ డంప్" అనే అంటారు, ఉంగరాలు పోయి దశాబ్దాలు గడిచినా.

చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో కంప్యూటర్‌లో ఈ ఉంగరాలనే ఇంకో విధంగా వాడారు. తీగ ఉంగరంలోంచి దూరితే 1, పక్కనుంచి పోతే 0. అమెరికాలోని వాల్తామ్‌లో ఉన్న రేథియాన్ కర్మాగారంలో మహిళా కార్మికులు ఈ తీగలను చేత్తో అల్లారు. మొత్తం 36,864 పదాలు (ఇక్కడ పదమంటే కంప్యూటర్ ఒక్కసారిగా పట్టే బిట్ల గుంపు), ఇప్పటి లెక్కలో సుమారు 72 కిలోబైట్లు. ప్రోగ్రామే అల్లిక, అల్లికే ప్రోగ్రాం. అందులో కారేదేమీ లేదు, చెరిగేదేమీ లేదు. రాతి మీద రాతకు కంప్యూటర్ అతి దగ్గరగా వచ్చింది ఇక్కడే. దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది: ఒక్క తప్పు దొరికినా తీగలు విప్పి మళ్లీ అల్లాలి. అందుకే ప్రయోగానికి చాలా ముందే ప్రోగ్రాంను ఖరారు చేసేయాల్సి వచ్చేది. మార్చుకునే వీలు కావాలంటే చెరిగే గుణం ఉండాలి. ఆ గుణం ఉన్న ప్రతిదానికీ కాపలా కావాలి.

సరే, ఇన్ని రకాలెందుకు, అన్నిటికంటే వేగమైన మెమరీనే నిండా పెట్టుకోవచ్చుగా అనిపిస్తుంది. వేగమైనది చోటు తింటుంది, ఖర్చు తింటుంది. ఎక్కువ పట్టేది నెమ్మదిగా నడుస్తుంది. ఈ తేడాలు మామూలు అంకెల్లో మనసుకెక్కవు. కాబట్టి ఒక నానోసెకనును, అంటే సెకనులో వందకోట్లవ వంతును, ఒక సెకనుగా సాగదీసి చూద్దాం. ప్రాసెసర్‌కు అంటుకుని ఉన్న క్యాష్ నుంచి సమాచారం రావడానికి సుమారు ఒక సెకను. ర్యామ్ నుంచి రావాలంటే నిమిషంన్నర. తిరిగే భాగాలు లేకుండా చిప్పులతోనే చేసిన స్టోరేజీ ఎస్ఎస్‌డీ నుంచయితే ఒక రోజు పైన. తిరిగే హార్డ్ డిస్క్ నుంచయితే దాదాపు నాలుగు నెలలు! అందుకే రేపో మాపో అవసరమయ్యేదాన్ని కంప్యూటర్ ముందే దగ్గరికి తెచ్చి పెట్టుకుంటుంది. మెమరీని ఇలా అంచెలంచెలుగా పేర్చక తప్పదని జాన్ వాన్ నాయ్‌మన్, ఆయన సహచరులు 1946లోనే రాశారు.

ఆ నాలుగు నెలల ఆలస్యం ఎక్కడిదంటే, హార్డ్ డిస్క్‌లో నిజంగా ఒక వస్తువు కదలాలి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు, గుర్తులను చదివే 'తల' అనే భాగం కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి. అంతకుముందు తల సరైన వలయం మీదికి జరగాలి. డిస్క్ అంచు గంటకు 120 కిలోమీటర్లు దాటిన వేగంతో పరుగెడుతుంటే, తల దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందం అందుకు వేల రెట్లు. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. దాని బరువు టన్ను దాకా, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పటి డిస్కుల్లో అంత సన్నటి అయస్కాంతపు గుర్తులను చదవగలగడానికి దారి తీసిన ఆవిష్కరణకు ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్‌లకు 2007లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. అన్నట్టు, 1 టీబీ డిస్క్ కొంటే కంప్యూటర్ 931 జీబీ అనే చూపిస్తుందని చాలామంది మోసపోయామనుకుంటారు. తయారీదారు వెయ్యేసి లెక్కన కొలుస్తాడు, విండోస్ 1,024 లెక్కన కొలుస్తుంది. బైట్లు మాత్రం అన్నీ ఉన్నాయి.

పెన్ డ్రైవ్, మెమరీ కార్డ్, ఎస్ఎస్‌డీ, ఫోన్ స్టోరేజీ, ఇవన్నీ ఫ్లాష్ కుటుంబం. దీన్ని తోషిబాలో ఫుజియో మసువోకా కనిపెట్టి 1984లో లోకానికి చెప్పారు. ఒక్క దెబ్బతో పెద్ద భాగం చెరిగిపోవడం చూసి సహచరుడొకరికి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చిందట, పేరు అలా వచ్చింది. ఇందులో ఎలక్ట్రాన్లను విద్యుత్తు పారని పొరల మధ్య బంధిస్తారు. గోడకు కన్నం లేకుండానే అవి లోపలికి దూరతాయి. క్వాంటం భౌతికశాస్త్రం మాత్రమే వివరించగల సంగతి ఇది. ఒకసారి లోపల పడ్డాక కరెంటు లేకున్నా ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి.

అయితే అలా దూరిన ప్రతిసారీ గోడ కొద్దిగా పాడవుతుంది. గదికి ఒక బిట్ మాత్రమే రాస్తే లక్షసార్ల దాకా తట్టుకుంటుంది. ఎక్కువ పట్టించాలని ఇప్పుడు గదికి మూడు బిట్లు రాస్తున్నారు. అంటే ఆవేశంలో ఎనిమిది వేర్వేరు మట్టాలను గుర్తుపట్టాలి. నాలుగు బిట్లయితే పదహారు. మట్టాలు దగ్గరపడిన కొద్దీ ఓర్పు వేలల్లోకి, ఇంకా కిందికి పడిపోతుంది. పైగా ఫ్లాష్‌లో ఒక అక్షరం దిద్దాలంటే పలకంతా తుడవాలి. అందుకని ఎస్ఎస్‌డీ లోపల ఒక చిన్న కంప్యూటరే ఉంటుంది. ఒకే చోట పదే పదే రాయకుండా రాతల్ని అన్ని గదులకూ పంచడం, పాడైన గదులను పక్కన పెట్టడం, తప్పులు దిద్దడం దాని పని. మీరు ఒకే ఫైలును వందసార్లు సేవ్ చేస్తే అది వంద వేర్వేరు చోట్ల పడి ఉండవచ్చు. పెన్ డ్రైవ్‌ను లాగేసేముందు కంప్యూటర్‌కు చెప్పమనడానికి కారణం వేరే ఉంది. తెర మీద కాపీ పూర్తయినట్టు కనబడినా, రాత ఇంకా ర్యామ్‌లోనే వంతు కోసం ఎదురుచూస్తుండవచ్చు.

ఫ్లాష్ కుండకూ చిల్లుంది, చాలా సన్నది. పరిశ్రమ ప్రమాణం ప్రకారం, రాయగలిగినంతా రాసి అరిగిపోయిన సాధారణ ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది సమాచారాన్ని నిలిపితే చాలు. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది, వేడి పెరిగితే గడువు తగ్గుతుంది. పాత ఫొటోలన్నీ ఒక పెన్ డ్రైవ్‌లో వేసి సొరుగులో పెట్టి, ఇక శాశ్వతం అనుకునేవారిని చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది. వాటిని మరో రెండు చోట్ల ఉంచండి, అందులో ఒకటి వేరే భవనంలో ఉండాలి, అప్పుడప్పుడూ తెరిచి చూడండి.

భద్రపరచడంలో అందరూ మరిచిన అయస్కాంతపు టేపు ఇప్పటికీ ముందుంది. 2021లో వచ్చిన ఎల్‌టీఓ-9 రకం టేపు ఒక్కటి 18 టీబీ పడుతుంది. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఉత్తరాలు మాయమయ్యాయి. వేర్వేరు కేంద్రాల్లో ఉన్న నకళ్లు కూడా దెబ్బతిన్నాయి, ఎందుకంటే అవన్నీ నెట్‌వర్క్‌కు తగిలించి ఉన్నవే. చివరికి గూగుల్ టేపుల నుంచే వాటిని తిరిగి తెచ్చింది. తీగకు తగిలించని నకలుకు ఉన్న విలువ అది.

నాసా అంతరిక్ష నౌక వాయేజర్-1 సంగతి ఇంకా ముందుకు పోతుంది. 1977లో బయల్దేరిన ఆ నౌక 2023 నవంబరులో అర్థంలేని సంకేతాలు పంపడం మొదలుపెట్టింది. సమాచారాన్ని పేర్చే కంప్యూటర్‌లో ఒక మెమరీ చిప్ చచ్చిపోయిందని, ఆ మెమరీలో 3 శాతం పాడైందని నాసా ఇంజనీర్లు కనిపెట్టారు. చిప్ మార్చడానికి వెళ్లే దూరం కాదది, 2,400 కోట్ల కిలోమీటర్లు. పోయిన ప్రోగ్రాం ముక్క మొత్తంగా పట్టే ఖాళీ మిగతా మెమరీలో ఎక్కడా లేదు. దాంతో దాన్ని ముక్కలు చేసి, దొరికిన సందుల్లో సర్ది, ఆ ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కునేలా చిరునామాలు మార్చి రాశారు. 2024 ఏప్రిల్ 18న మొదటి ముక్కను పంపారు. కబురు చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మరో ఇరవై రెండున్నర. ఏప్రిల్ 20న, ఐదు నెలల తర్వాత మొదటిసారిగా, తన ఒంట్లో ఎలా ఉందో వాయేజర్ అర్థమయ్యేలా చెప్పింది.