హార్లెమ్ డ్రమ్ములను పక్కకు జరిపిన వేసవి

పార్కులో ఆఫ్రికన్ డ్రమ్ములు వాయించేవాళ్లకీ, ఎదురు బిల్డింగ్ వాళ్లకీ గొడవ. అమెరికాలో ఇది ఎక్కడ మళ్లీ రాజుకున్నా మాట తిరిగి తిరిగి న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ల పేటగా పేరున్న హార్లెమ్ దగ్గరికే వస్తుంది. బానిసత్వ కాలంలో డ్రమ్ముల మీద పెట్టిన నిషేధాల గురించి చాలామంది రాశారు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. ఇవాళ్టి వాదనలు అర్థం కావాలంటే 2007, 2008 వేసవుల్లో అక్కడి మార్కస్ గార్వే పార్కులో ఏం జరిగిందో చూడాలి.

అక్కడ 1969 నుంచి వేసవి శనివారాల్లో డ్రమ్మర్లు కూడుతున్నారు. అప్పటికి దాని పేరు మౌంట్ మోరిస్ పార్కు. ఇప్పటి పేరు 1973లో వచ్చింది. హార్లెమ్ నల్లజాతి పెద్దలతో పాటు సెనెగల్, మాలి, గినీ దేశాల నుంచి వచ్చినవాళ్లూ వలయంలో కూర్చుంటారు. చేతుల్లో జెంబే ఉంటుంది: ఒకే దుంగను తొలిచి, మేక తోలు బిగించిన వాద్యం. అరచేత్తో నడిమధ్య కొడితే బరువైన మోత, అంచున చరిస్తే తుపాకీ పేలినట్టు శబ్దం. పక్కనే కర్రలతో వాయించే దుందున్ అనే డ్రమ్ము. కొన్నిసార్లు రాత్రి పది దాకా సాగేది.

మత్తుమందుల వ్యాపారం, దోపిడీల భయంతో చీకటి పడితే జనం ఆ పార్కులో అడుగు పెట్టని రోజుల్లో కూడా వీళ్లు రావడం మానలేదు. తాము కూర్చోబట్టే కుటుంబాలు తిరిగి పార్కుకి రాగలిగాయని డ్రమ్మర్లు చెబుతారు. ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. పార్కు బాగుపడ్డాకే దాని ఎదుట ఫిఫ్త్ అవెన్యూలో ఖరీదైన ఫ్లాట్లు లేచాయి. కొన్నవాళ్లలో ఎక్కువమంది తెల్లజాతి యువ ఉద్యోగులు.

కిటికీలు మూసినా మోత ఆగడం లేదని, ఫోన్లో మాట్లాడలేకపోతున్నామని, నిద్ర లేదని వాళ్ల ఫిర్యాదు. అది అబద్ధం కాదు. లోతైన శబ్దాన్ని అద్దాలు ఆపలేవు, గంటల తరబడి వింటే ఎవరికైనా టెన్షనే. కానీ గొడవ ముదిరాక ఆ బిల్డింగ్ వాళ్ల మధ్య తిరిగిన ఒక ఈమెయిల్ డ్రమ్మర్లను చెట్లకు ఉరి తీయాలనేదాకా వెళ్లింది. నల్లవాళ్లను చెట్లకు ఉరి తీసిన చరిత్ర ఉన్న దేశంలో ఆ మాట ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు. 2008 జూలైలో ఈ వ్యవహారం న్యూయార్క్ టైమ్స్‌కి ఎక్కింది.

నగరం రాజీ కుదిర్చింది: డ్రమ్మర్లు పార్కులోనే ఇంకో చోటికి జరగాలి. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ గొడవ మలుపు తిరిగింది అక్కడే. అంతకుముందు ప్రశ్న ఎంత శబ్దం, ఏ వేళ దాకా అన్నది. వేళలు కుదించి ఉంటే ఇద్దరూ కొంత వదులుకునేవారు. చోటు మార్పించేసరికి జరగాల్సినవాళ్లు ఎవరో ముందే తేలిపోయింది. దాదాపు నలభై ఏళ్లుగా అక్కడున్నవాళ్లు అనుమతి మీద కూర్చునేవాళ్లయ్యారు, నిన్నమొన్న వచ్చినవాళ్ల మాట కొలమానమైంది.

అదే నగరంలో, బ్రూక్లిన్ ప్రాస్పెక్ట్ పార్కులో 1968 నుంచి ఆదివారాలు ఇలాగే వాయిస్తున్నారు. అక్కడ పార్కువాళ్లు డ్రమ్మర్లు కూర్చునే చోటే బెంచీలు వేసి, ఆ స్థలానికి డ్రమ్మర్స్ గ్రోవ్ (డ్రమ్మర్ల తోపు) అని పేరు పెట్టారు.