టీవీలో బొమ్మ వస్తోంది, సౌండ్ రావడం లేదు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్లకు వెళ్లి కంప్యూటర్లు బాగుచేసే మావంటివాళ్లకు ఆదివారాలు, పండగ పూటలు, క్రికెట్ మ్యాచ్ ఉన్న సాయంత్రాలు వచ్చే ఫోన్లలో చాలావాటి సారాంశం ఒక్కటే: ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపారు, బొమ్మ బ్రహ్మాండంగా వస్తోంది, సౌండ్ మాత్రం రావడం లేదు. ఆ వెంటనే జబ్బు పేరు కూడా వాళ్లే చెప్పేస్తారు. కేబుల్ పోయిందని కొందరు, సౌండ్ కార్డు కాలిపోయిందని కొందరు, విండోస్ ఫార్మాట్ చేయాల్సిందేనని, అంటే ఉన్నదంతా చెరిపి మళ్లీ కొత్తగా వేయాల్సిందేనని ఎదురు ఫ్లాట్ కుర్రాడు తేల్చాడని మరికొందరు. మొదటిది నమ్మితే వందల్లో పోతుంది, రెండోది నమ్మితే వేలల్లో పోతుంది, మూడోది నమ్మినవాళ్లకు పోయేది ఎంత డబ్బు పెట్టినా తిరిగి రాదు. నేను చూసిన ఇళ్లలో చాలాచోట్ల అసలు పాడైన వస్తువంటూ ఏదీ లేదు.

అపోహ: బొమ్మ వచ్చి సౌండ్ రాలేదంటే ఏదో ఒకటి పాడైనట్టే.

వాస్తవం: కంప్యూటర్ దృష్టిలో హెచ్‌డీఎంఐ (బొమ్మను, సౌండ్‌ను ఒకే కేబుల్‌లో పంపే పద్ధతి) ద్వారా కలిపిన టీవీ ఒక వస్తువు కాదు, రెండు, ఒకటి తెర, రెండోది స్పీకర్. బొమ్మ ఏ తెర మీదికి పంపాలన్నది ఒక నిర్ణయం, సౌండ్ ఏ స్పీకర్‌కు పంపాలన్నది దానితో సంబంధం లేని వేరే నిర్ణయం. విండోస్ మామూలుగా సౌండ్‌ను ఒక సమయంలో ఒకే పరికరానికి పంపుతుంది. మీరు గతంలో ల్యాప్‌టాప్ స్పీకర్లనో, హెడ్‌ఫోన్స్‌నో ఎంచుకుని ఉంటే, టీవీ కలిపిన తర్వాత కూడా చాలాసార్లు అదే ఎంపికను పట్టుకుని కూర్చుంటుంది. కాబట్టి సౌండ్ పోలేదు, వేరేచోటికి వెళుతోంది. నిజాంపేటలో ఒక ఇంట్లో అది ముందురోజు ఆఫీసు మీటింగ్‌కు వాడి ఆపకుండా వదిలేసిన బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లోకి వెళుతోంది. దిండు కిందనుంచి సన్నగా వార్తలు వినిపిస్తుంటే ఇంటిల్లిపాదీ టీవీ చుట్టూ చేరి రిమోట్ నొక్కుతున్నారు.

చేయవలసింది ఇంతే. కింద కుడిమూల ఉన్న స్పీకర్ గుర్తును నొక్కండి. విండోస్ 10 అయితే వాల్యూమ్ గీత పైన పరికరం పేరు, దాని పక్కన బాణం గుర్తు ఉంటాయి; విండోస్ 11 అయితే వాల్యూమ్ గీతకు కుడిపక్కన చిన్న గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే సౌండ్ వెళ్లగల పరికరాల జాబితా తెరుచుకుంటుంది. అందులో మీ టీవీ కంపెనీ పేరో, మోడల్ పేరో ఉండి, పక్కనే ఇంటెల్ డిస్‌ప్లే ఆడియో అనో, ఎన్‌విడియా లేదా ఏఎండీ హై డెఫినిషన్ ఆడియో అనో ఉంటుంది. దాన్ని ఎంచుకోండి. రియల్‌టెక్ అని కనిపించేది సాధారణంగా ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లది, హెడ్‌ఫోన్ రంధ్రానిది.

ఈ పేర్లను కాస్త శ్రద్ధగా చూడమని అడగడానికి కారణం ఉంది. హెచ్‌డీఎంఐ గుండా వెళ్లే సౌండ్ సాధారణంగా రియల్‌టెక్ సౌండ్ చిప్ నుంచి రాదు. బొమ్మను పంపే గ్రాఫిక్స్ చిప్‌లోనే ఉన్న ఆడియో భాగం నుంచి వస్తుంది. అందువల్ల టీవీలో సౌండ్ రాలేదని సౌండ్ కార్డు కాలిపోయిందనడం, రియల్‌టెక్ డ్రైవర్‌ను (ఆ చిప్‌ను విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్‌ను) తీసి మళ్లీ మళ్లీ వేయడం, ఆఖరికి మదర్‌బోర్డు మార్చాలని అంచనా వేసి ఇవ్వడం, ఇవన్నీ జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయడమే. ఇలాంటి అంచనా కాగితాన్ని చేతిలో పట్టుకుని, ఈ వయసులో కొత్త ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేదు బాబూ అని బెంగపడిన ఒక పెద్దాయనను నేను చూశాను. ఆయన ల్యాప్‌టాప్ సొంత స్పీకర్లలో పాట చక్కగా మోగుతోంది. దుకాణంలో ఎవరూ ఆ మాత్రం చెవి పెట్టి వినలేదు.

ఇక ఫార్మాట్ సంగతి. దీని గురించి మర్యాదగా రాయడం నాకు కష్టం. కొత్తగా విండోస్ వేసినప్పుడు సరైన గ్రాఫిక్స్ డ్రైవర్ పడకపోతే, కంప్యూటర్ మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనే తాత్కాలిక ఏర్పాటుతో నడుస్తుంది. దాంతో బొమ్మ ఏదోలా వచ్చినా, సౌండ్ జాబితాలో టీవీ పేరే ఉండదు. అంటే సౌండ్ కోసం చేయించిన ఫార్మాట్ వల్లే సౌండ్ వచ్చే దారి మూసుకుపోవచ్చు. మల్కాజిగిరిలో ఎం.ఫార్మసీ చదివే ఒక అమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. టీవీలో సినిమా చూద్దామని మొదలైన వ్యవహారం ఫార్మాట్ దాకా వెళ్లి, డెస్క్‌టాప్ మీద ఉన్న ప్రాజెక్టు రిపోర్టును మింగేసింది. నేను వెళ్లేసరికి ఆమెకు సౌండ్ ధ్యాసే లేదు; ఫైళ్లు వెనక్కి వస్తాయా అన్న ఒక్క ప్రశ్నే అడుగుతోంది. పాత అధ్యాయాలు కొన్ని గైడ్‌కు పంపిన ఈమెయిళ్లలో దొరికాయి, పట్టికలు మాత్రం దొరకలేదు. సౌండ్ ఆ ల్యాప్‌టాప్ తయారీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న గ్రాఫిక్స్ డ్రైవర్ వేయగానే వచ్చింది.

జాబితాలో టీవీ పేరు కనిపించకపోతే ముందు చూడవలసింది కూడా ఆ డ్రైవర్‌నే. దానికంటే ముందు టీవీని ఆన్ చేసి, సరైన హెచ్‌డీఎంఐ సోర్స్‌కు మార్చి, కేబుల్ ఒకసారి తీసి మళ్లీ పెట్టండి. తాను ఏ రకం సౌండ్ తీసుకోగలదో టీవీ కంప్యూటర్‌కు తెలియజేస్తేనే ఆ పేరు జాబితాలోకి ఎక్కుతుంది, ఆ పలకరింపు కొన్నిసార్లు మధ్యలో తప్పిపోతుంది. అప్పటికీ కనిపించకపోతే పాత కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, ప్లేబ్యాక్ జాబితాలో ఖాళీచోట మౌస్ కుడి బటన్ నొక్కి, డిసేబుల్ చేసిన పరికరాలను చూపించమని అడగండి. ఎవరో ఎప్పుడో ఆపేసిన టీవీ ఆడియో అక్కడ మసకగా కనిపించవచ్చు; దానిమీద మళ్లీ కుడి బటన్ నొక్కి ఎనేబుల్ చేస్తే సరి.

అపోహ: కేబుల్‌లో సౌండ్ తీగ తెగిపోయింది, బంగారు పూత ఉన్న కేబుల్ కొనాలి.

వాస్తవం: 2002లో మొదటి రూపం వచ్చిన నాటినుంచీ హెచ్‌డీఎంఐలో కంప్యూటర్ నుంచి టీవీకి సౌండ్ తీసుకెళ్లడానికి విడిగా తీగ లేనే లేదు. బొమ్మను మోసే తీగల జతలే, బొమ్మ సమాచారం నడవని చిన్నచిన్న విరామాల్లో సౌండ్ సమాచారాన్ని కూడా మోస్తాయి. ఒకే ఆర్టీసీ బస్సులో వచ్చిన ఇద్దరిలో ఒకరు దిగి, రెండోవారు దిగకపోతే బస్సు చెడిపోయిందని ఎవరూ అనరు కదా. కేబుల్ దెబ్బతింటే సాధారణంగా బొమ్మ మీద చుక్కలు పడతాయి, తెర నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా అసలేమీ రాదు. బొమ్మ నిలకడగా ఉండి, జాబితాలో టీవీ పేరు కూడా ఉంటే కేబుల్‌ను వదిలేయండి. వనస్థలిపురంలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి సొరుగు తెరిచి చూపిస్తే, కోఠి గుజరాతీ గల్లీలో ఒకదానికంటే ఒకటి ఖరీదు పెంచుకుంటూ కొన్న కేబుళ్లు కవర్లతో సహా వరసగా ఉన్నాయి. పాపం, ఆయన ప్రతిసారీ పాతది తీసి కొత్తది పెట్టారే గాని, స్పీకర్ గుర్తును నొక్కమని ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

అపోహ: విండోస్‌లో మార్చేశాను కాబట్టి అన్నింటిలోనూ సౌండ్ వచ్చి తీరాలి.

వాస్తవం: జూమ్, టీమ్స్ వంటివాటికి సొంతంగా స్పీకర్‌ను ఎంచుకునే ఏర్పాటు ఉంది. సైనిక్‌పురిలో ఒక ఇంట్లో, డాలస్‌లో జరుగుతున్న మనవరాలి బారసాలను పెద్ద టీవీలో చూద్దామని బంధువులను పిలిచారు. యూట్యూబ్‌లో పాట పెడితే టీవీలోంచి మోగుతోంది, జూమ్‌లో మాత్రం అక్కడివాళ్ల పెదవులు కదులుతున్నాయే తప్ప మాట లేదు. ఆ అమ్మమ్మగారు ఫోన్‌లో దాదాపు ఏడుస్తూనే, "పేరు చెవిలో చెప్పే వేళ అవుతోంది నాయనా, మాకు వినిపించదా?" అని అడిగారు. నేను బయలుదేరి వెళ్లేంత సమయం లేదు. మైక్ గుర్తు పక్కన ఉన్న చిన్న బాణాన్ని నొక్కించి, స్పీకర్ల కింద టీవీ పేరును ఎంపిక చేయించాను. మైక్‌ను ల్యాప్‌టాప్‌దే ఉంచమన్నాను, ఎందుకంటే మామూలు టీవీకి మాట వినే మైక్ ఉండదు. సౌండ్ రాగానే అవతలి గోల వల్ల నాకు ఫోన్‌లో ఇంకేమీ వినబడలేదు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో కూడా ఆడియో మెనూలో పరికరాన్ని ఎంచుకునే వీలుంది. అప్పటికే నడుస్తున్న యాప్ పాత స్పీకర్‌నే పట్టుకుని ఉంటే, దాన్ని మూసి తెరిస్తే చాలు.

అపోహ: ఒక్క సినిమాకే సౌండ్ రాకపోతే ఆ ఫైల్ చెడిపోయింది.

వాస్తవం: ఫైల్ ఆడియో డీటీఎస్ (సినిమాల్లో వాడే ఒక సౌండ్ ఫార్మాట్) వంటి రకంలో ఉండి, ప్లేయర్ దాన్ని విప్పకుండా ఉన్నది ఉన్నట్టు టీవీకి పంపేలా పాస్‌త్రూ అమరిక ఆన్‌లో ఉంటే, ఆ రకాన్ని అర్థం చేసుకోలేని టీవీ మౌనంగా ఉంటుంది. ప్లేయర్‌లో పాస్‌త్రూ ఆపేయండి. పాటలు, నేపథ్య సంగీతం వినిపిస్తూ మాటలు మాత్రం లీలగా ఉంటే, సౌండ్ 5.1గా, అంటే ఆరు చానళ్లుగా విడిపోయి వెళుతూ మాటలుండే మధ్య చానల్ ఎక్కడా మోగకుండా పోతున్నదని అనుమానించాలి. విండోస్‌లో స్పీకర్ అమరికను స్టీరియోకు (రెండు చానళ్లకు) మార్చండి.

మిగిలినవి త్వరగా. ఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రంలో పెడితేనే సౌండ్ వస్తుందన్నది తప్పు. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఆ ఏర్పాటు టీవీ నుంచి సౌండ్‌బార్‌కు సౌండ్ పంపడానికి పుట్టింది, కంప్యూటర్‌కు ఏ హెచ్‌డీఎంఐ రంధ్రమైనా పనికొస్తుంది. నీలం రంగు వీజీఏ కేబుల్ వాడేవాళ్లు సౌండ్ కోసం ఎదురుచూడవద్దు. 1987 నాటి ఆ పద్ధతి బొమ్మను మాత్రమే మోస్తుంది, సౌండ్‌కు 3.5 మిల్లీమీటర్ల ఆడియో వైరు విడిగా టీవీ ఆడియో ఇన్‌లోకి పెట్టవలసిందే. మ్యాక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్, సౌండ్, అవుట్‌పుట్ అని వెళ్లి టీవీని ఎంచుకోవాలి. ఆ తర్వాత కీబోర్డు మీది వాల్యూమ్ మీటలు పనిచేయకపోతే కంగారుపడకుండా టీవీ రిమోట్ వాడండి.

టీవీలోనే లోపం ఉందేమోనన్న అనుమానాన్ని తీర్చుకోవడం తేలిక. ల్యాప్‌టాప్ పెట్టిన అదే రంధ్రంలో సెట్‌టాప్ బాక్స్ హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి చూడండి. దానికీ సౌండ్ రాకపోతే టీవీ మెనూలో సౌండ్ అవుట్ అన్నచోట టీవీ స్పీకర్ అని ఉందో, ఎప్పుడో అమ్మేసిన హోమ్ థియేటర్ తాలూకు ఆప్టికల్ అని ఉందో చూడండి. టీవీ స్పీకర్ అనే ఉండి, ఏ రంధ్రంలో పెట్టినా, యూఎస్‌బీలో పాట పెట్టినా సౌండ్ లేకపోతే అప్పుడు టీవీ మెకానిక్‌ను పిలవాలి. సెట్‌టాప్ బాక్స్‌కు వచ్చి ల్యాప్‌టాప్‌కు రాకపోతే మావంటివాళ్లను పిలవండి. ఫోన్ చేసినప్పుడు జాబితాలో టీవీ పేరు కనిపిస్తోందో లేదో ముందే చెబితే, చాలాసార్లు మేము మీ ఇంటికి రావలసిన అవసరమే ఉండదు.