ఆటగాడికి బదులు టర్కీ కోడి: బేస్‌బాల్ వింత ట్రేడ్‌ల వెనక కథ

1962 ఏప్రిల్ 25న న్యూయార్క్ మెట్స్ జట్టు క్లీవ్‌లాండ్ నుంచి హ్యారీ చిటీ అనే క్యాచర్‌ను (మన వికెట్ కీపర్ లాంటివాడు) తెచ్చుకుంది. బదులుగా ఎవరిని ఇచ్చేదీ తర్వాత చెబుతామంది. బేస్‌బాల్‌లో ఇది మామూలే. ముందు బేరం కుదుర్చుకుని, ఇవ్వాల్సిన ఆటగాడి పేరు తీరిగ్గా తేల్చుకోవచ్చు. చిటీ 15 మ్యాచ్‌లు ఆడాడు, బ్యాటింగ్ సగటు .195 దాటలేదు, అంటే పదిసార్లు బ్యాట్ పడితే రెండు హిట్లు కూడా లేవు. జూన్ 15న మెట్స్ ఆ బాకీ తీర్చేసింది. క్లీవ్‌లాండ్‌కు ఇచ్చిన ఆటగాడు ఎవరో కాదు, ఆ చిటీయే!

ట్రేడ్ అనే మాట ఐపీఎల్ చూసేవాళ్లకు కొత్త కాదు. 2018లో సన్‌రైజర్స్ హైదరాబాద్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి ముగ్గురిని తెచ్చుకుంది. ఆ ముగ్గురిలో ఒకడే అభిషేక్ శర్మ. అమెరికా బేస్‌బాల్‌లో మాత్రం ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు వందేళ్లకు పైగా నడుస్తున్నాయి. వాటిలో కొన్ని చదివితే నవ్వు ఆగదు. కానీ అవి అసలు ఎలా సాధ్యమయ్యాయో తెలియాలంటే 1879కి వెళ్లాలి.

ఆ ఏడాది క్లబ్ యజమానులు రిజర్వ్ క్లాజ్ అనే ఏర్పాటు చేసుకున్నారు. మొదట జట్టుకు ఐదుగురికే పరిమితమైన ఈ నిబంధన, పోనుపోను అందరి మెడకూ చుట్టుకుంది. కాంట్రాక్టు గడువు ముగిసినా ఆటగాడు వేరే క్లబ్‌కు పోవడానికి లేదు. క్లబ్ మాత్రం అతన్ని అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయొచ్చు. ఎవరూ అతని ఇష్టం అడగరు.

అందుకే 1922 మే 30న షికాగోలో మ్యాక్స్ ఫ్లాక్, క్లిఫ్ హీత్‌కోట్ ఒకే రోజు రెండు జట్లకూ ఆడారు. షికాగో కబ్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ మధ్య ఆరోజు రెండు మ్యాచ్‌లు. మొదటిది అయ్యాక క్లబ్‌లు వీళ్లిద్దరినీ మార్చేసుకున్నాయి. రెండో మ్యాచ్‌లో ఇద్దరూ పొద్దున ప్రత్యర్థులుగా ఉన్నవాళ్ల పక్కన నిలబడ్డారు. 1930ల తొలినాళ్లలో చట్టనూగా క్లబ్ అధిపతి జో ఎంగెల్ ఇంకో అడుగు ముందుకేసి, జానీ జోన్స్ అనే షార్ట్‌స్టాప్‌ను (ఒక ఫీల్డర్‌ను) షార్లట్ జట్టుకు ఇచ్చి బదులుగా ఒక టర్కీ కోడిని తీసుకున్నాడు. పేపర్లో వార్త రావాలని ఇలాంటి తమాషాలు చేయడం ఆయనకు అలవాటు. కోడి పక్కన పేరు పడ్డ జోన్స్‌కు అదెలా అనిపించి ఉంటుందో మరి.

నాకు అన్నిటికన్నా నచ్చేది 1948 నాటి ట్రేడ్. బ్రూక్లిన్ డాడ్జర్స్ రేడియో వ్యాఖ్యాత రెడ్ బార్బర్ అల్సర్‌తో మంచాన పడ్డాడు. ఆయన చోట్లోకి అట్లాంటాలో కామెంటరీ చెబుతున్న ఎర్నీ హార్వెల్ కావాలని డాడ్జర్స్ అధిపతి బ్రాంచ్ రికీ అడిగాడు. అట్లాంటా యజమాని ఎర్ల్ మాన్ ఊరికే వదల్లేదు, నాకో క్యాచర్ కావాలన్నాడు. అలా క్లిఫ్ డాపర్ అట్లాంటాకు వెళ్లాడు. మైక్ పట్టేవాడికి బదులు గ్లవ్ తొడిగేవాడు! హార్వెల్ తర్వాత డెట్రాయిట్‌లో దశాబ్దాల పాటు జనం అభిమానించే గొంతు అయ్యాడు. డాపర్ సంగతి వేరు. 1942లో పెద్ద లీగ్‌లో (అగ్రశ్రేణి మేజర్ లీగ్‌లో) ఎనిమిది మ్యాచ్‌లు ఆడి, 17 సార్లు బ్యాటింగ్‌లో 8 హిట్లు కొట్టాడు. అంత బాగా ఆడినా మళ్లీ ఆ మెట్టు ఎక్కే అవకాశం రాలేదు. ఈ ఇద్దరూ ఒకరినొకరు కలుసుకున్నది 2002లో, డెట్రాయిట్‌లో హార్వెల్ విగ్రహం ఆవిష్కరించినప్పుడు.

1960 ఆగస్టులో క్లీవ్‌లాండ్, డెట్రాయిట్ ఏకంగా మేనేజర్లనే (మన కోచ్‌ల లాంటివాళ్లను) మార్చుకున్నాయి. జో గోర్డన్ అటు, జిమ్మీ డైక్స్ ఇటు. అచ్చం కుండమార్పిడి సంబంధమే.

ఈ పద్ధతిని ఎదిరించి నిలబడ్డవాడు కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయిస్‌లో పన్నెండేళ్లు ఆడిన ఈ నల్లజాతి ఆటగాడిని 1969 అక్టోబరులో ఫిలడెల్ఫియాకు ట్రేడ్ చేశారు. తన ఇష్టంతో పని లేకుండా కొని అమ్మడానికి తాను ఆస్తిని కానని డిసెంబర్ 24న బేస్‌బాల్ కమిషనర్‌కు ఉత్తరం రాసి, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టు 5-3తో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అప్పటికే అతని ఆట ముగిసిపోయింది. ఫలితం దక్కింది తర్వాతివాళ్లకు. పదేళ్లు పెద్ద లీగ్‌లో ఆడి, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాళ్లు ట్రేడ్‌ను కాదనే హక్కు 1973లో వచ్చింది. 1975 డిసెంబరులో ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) పీటర్ సైట్జ్ ఇచ్చిన తీర్పుతో రిజర్వ్ క్లాజ్ నడుం విరిగింది.

ట్రేడ్‌ను కాదనే ఆ హక్కు పెద్ద లీగ్‌లో పాతుకుపోయినవాళ్లదే. కింది స్థాయి స్వతంత్ర లీగ్‌ల కుర్రాళ్ల దాకా రాలేదు. 2008లో కెనడా జట్టు క్యాల్గరీ వైపర్స్, జాన్ ఓడమ్ అనే పిచర్‌ను (బంతి విసిరేవాణ్ని) టెక్సాస్‌లోని లారెడో జట్టుకు ఇచ్చి పది మేపుల్ బ్యాట్లు తీసుకుంది. ప్రేక్షకులు అతన్ని ‘బ్యాట్‌మ్యాన్’ అంటూ గేలి చేశారు. కొద్ది రోజులకే ఓడమ్ జట్టు వదిలేశాడు, ఆ ఏడాది నవంబరులో చనిపోయాడు. వయసు 26. ఆ పది బ్యాట్లను వింత వస్తువులు ప్రదర్శించే రిప్లీస్ సంస్థ 10,000 డాలర్లకు కొనుక్కుంది.