మాల తీసిన మర్నాడు

"అయ్యప్ప మాలలో ఉన్న 41 రోజులూ సిగరెట్టు జోలికి పోలేదు, పోవాలని కూడా అనిపించలేదు. మాల తీసిన మర్నాడు టీకొట్టు దగ్గర నిలబడగానే చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లింది. 21 రోజులు చేస్తే ఏ పనైనా అలవాటైపోతుందంటారు కదా, నేను దాదాపు దానికి రెట్టింపు చేశాను, మరి నాలో లోపించినదేమిటి?" అని ఒక పాఠకుడు అడిగారు. ఏటా కార్తికం నుంచి సంక్రాంతి దాకా మన ఊళ్లలో ఎందరో ఎదుర్కొనే అనుభవమే ఇది. దీనికి జవాబు వారి వ్యక్తిత్వంలో కాక, అలవాటు అనేది మెదడులో ఏర్పడే తీరులో ఉందని నా దృఢమైన అభిప్రాయం.

ముందు ఆ 21 సంగతి తేల్చుకోవాలి. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో వెలువరించిన పుస్తకంలో, శస్త్రచికిత్స చేయించుకున్నవారు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతున్నట్టు తాను గమనించానని రాశారు. అది ఒక వైద్యుడి పరిశీలన మాత్రమే. నడక, చదువు, పొదుపు వంటి అలవాట్లను ఆయన కొలవలేదు. చేతులు మారిన కొద్దీ ఆ సందర్భం రాలిపోయి, అంకె ఒక్కటే మంత్రంలా మిగిలింది. మండల దీక్షకు ఆచారపరంగా ఉన్న అర్థాన్ని నేను గౌరవిస్తాను, కాని మెదడులోని నాడీకణాలు పంచాంగం చూసి పనిచేయవు.

అసలైన కొలత 2010లో ప్రచురితమైంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌కు చెందిన ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని తీసుకుని, ఒక్కొక్కరూ ఒక చిన్న పనిని ఎంచుకుని, దానిని రోజూ ఒకే సందర్భానికి ముడిపెట్టి 84 రోజుల పాటు చేయాలని కోరారు. మధ్యాహ్న భోజనంతో పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగెత్తడం వంటివి ఆ పనులు. ఆ పని ఎంత ఆలోచించకుండా జరిగిపోతున్నదో పాల్గొన్నవారే ఎప్పటికప్పుడు నమోదు చేశారు. ఆ విలువలను గ్రాఫు మీద గీస్తే, మొదట నిటారుగా లేచి, క్రమంగా వంగి, చివరకు చదునైపోయే వక్రరేఖ వచ్చింది. ఆ చదును మట్టంలో 95 శాతానికి చేరడానికి పట్టిన కాలపు మధ్యగత విలువ, అంటే సగం మందికి అంతకు తక్కువ, మిగతా సగానికి అంతకు ఎక్కువ పట్టిన కాలం, 66 రోజులు. కాని కనిష్ఠం 18, గరిష్ఠం 254. ప్రయోగమే 84 రోజులైనప్పుడు 254 ఎక్కడిదంటే, అది వక్రరేఖను ముందుకు పొడిగించి కట్టిన అంచనా. పైగా ఈ రేఖ చక్కగా అమరినది 39 మందికే. అందుచేత 21ని పక్కనపెట్టి ఆ స్థానంలో 66ను ప్రతిష్ఠించడం కూడా తప్పే.

ఈ వక్రరేఖను అర్థం చేసుకోవడానికి కొత్త ఇనుప పెనాన్ని మించిన సాధనం నాకు కనిపించలేదు. మొదటి రోజు దోసె పెనానికి అతుక్కుని ముక్కలుగా వస్తుంది. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్ది, వేడిచేసి, మళ్లీ రుద్దుతూ పోతే, నూనెలోని కొవ్వు ఆమ్లాలు వేడికి ఒకదానితో ఒకటి గొలుసుకట్టుగా కలిసి ఇనుము మీద పలుచని, గట్టి పొరగా ఏర్పడతాయి. మొదటి దోసెకూ పదో దోసెకూ మధ్య తేడా ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది; యాభయ్యో దోసెకూ అరవయ్యో దోసెకూ మధ్య తేడా వేసినవారికి కూడా తెలియదు, అయినా పొర మందమవుతూనే ఉంటుంది. సంకల్పాలు ఎక్కువగా చచ్చిపోయేది సరిగ్గా ఈ చోటనే అని నా నమ్మకం: మార్పు కనిపించడం ఆగిపోగానే మనిషి మార్పే ఆగిపోయిందని అనుకుంటాడు. ఒక రోజు దోసె వేయకపోయినంత మాత్రాన పెనం మీది పొర ఊడిపోదు; లాలీ బృందం కూడా మధ్యలో ఒక్కసారి పని తప్పిపోవడం వల్ల అలవాటు ఏర్పడటంలో చెప్పుకోదగిన నష్టమేమీ లేదని గమనించింది. వ్రతభంగమైంది, ఇక ఉగాది నుంచి మళ్లీ మొదలుపెడదాం అని అక్కడితో వదిలేసేవారికి ఈ ఒక్క ఫలితం తెలిస్తే ఎంతో మేలు. పలుచని రేకు పెనం తొందరగా దారికి వస్తుంది, మందపాటి పోత పెనం ఆలస్యంగా వస్తుంది. అలాగే నీళ్లు తాగడం, పండు తినడం కంటే వ్యాయామం అలవాటు కావడానికి సుమారు ఒకటిన్నర రెట్ల కాలం పట్టింది. ఒక్క విషయంలో మాత్రం ఈ పోలిక చెల్లదు, మన పాఠకుడి ప్రశ్నకు జవాబు ఆ చెల్లనిచోటే ఉంది: పెనాన్ని ఏ పొయ్యి మీద పెట్టినా దోసె వస్తుంది, అలవాటు మాత్రం తాను పుట్టిన పొయ్యి మీదే బాగా పనిచేస్తుంది.

మాలలో ఉన్న మనిషి రోజును దగ్గరగా చూడండి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, నుదుట విభూతి, చెప్పులు లేని కాళ్లు, పీఠం ముందు శరణుఘోష, మధ్యాహ్నం భిక్ష, రాత్రి చాప మీద నిద్ర. ఇంట్లో భార్య మొదలుకుని ఆఫీసులో పై అధికారి దాకా అందరూ ఆయనను స్వామీ అనే పిలుస్తారు. టీకొట్టువాడు సిగరెట్టు పెట్టె వైపు చెయ్యి కూడా చాపడు. మెదడు దృష్టిలో ఇవన్నీ సంకేతాలు. పొగ మానడం అనే ప్రవర్తన ఈ సంకేతాలకే ముడిపడి పెరిగింది. గురుస్వామి మాల తీసిన పూటనే ఆ సంకేతాలన్నీ ఒక్కసారిగా తొలగిపోతాయి. నికోటిన్ మానినప్పుడు శరీరం పడే బాధ మొదటి వారంలో ఉద్ధృతంగా ఉండి, సాధారణంగా మూడు నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది గనుక, 42వ రోజున చేతిని జేబులోకి నడిపించినది ఆ బాధ కాదు, టీ వాసనా, ఆ బల్లా, పక్కన నిలబడ్డ స్నేహితుడూ.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో యాన్ గ్రేబియెల్ బృందం ఈ విషయాన్ని ఎలుకల మెదడులోనే చూసింది. ఇంగ్లీషు 'T' అక్షరం ఆకారపు దారిలో ఒక శబ్దం వినగానే కుడికో ఎడమకో తిరిగితే ఎలుకకు తిండి దొరుకుతుంది. మొదట్లో స్ట్రయేటం అనే భాగంలోని నాడీకణాలు పరుగు పొడవునా స్పందించాయి. అలవాటు ముదిరాక పరుగు మొదట్లోనూ చివరలోనూ మాత్రమే గట్టిగా స్పందించి, మధ్య భాగమంతా ఒకే మూటగా కట్టేశాయి. 2005లో ప్రచురించిన ప్రయోగంలో ప్రతిఫలాన్ని తీసేస్తే ఆ నమూనా చెదిరిపోయింది. తిరిగి ఇవ్వగానే చాలా త్వరగా మళ్లీ లేచింది. పాత అలవాటు చెరిగిపోలేదు, తగిన సంకేతం కోసం అణగి ఉన్నదంతే.

ఇదే సూత్రం మనిషికి మేలు చేసిన సందర్భమూ ఉంది. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికులను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1970ల్లో అధ్యయనం చేశారు. స్వదేశం చేరిన తొలి ఏడాదిలో వారిలో తిరిగి బానిసలైనవారు సుమారు 5 శాతమే. ఇంటి దగ్గర ఆ మత్తుమందు సులభంగా దొరకకపోవడం కూడా ఒక కారణమే గాని, ఆ శిబిరం, ఆ తోటివారు, ఆ భయం వెనకే ఉండిపోవడం చిన్న విషయం కాదు.

మరి మాల తీసేవారు చేయదగినదేమిటి? పాత సంకేతానికి ముందుగానే కొత్త జవాబు నిర్ణయించుకోవడం. "మానేస్తాను" అనుకోవడానికీ, "టీ గ్లాసు చేతికి రాగానే రెండో చేత్తో వేరుసెనగల పొట్లం విప్పుతాను" అని నిశ్చయించుకోవడానికీ చాలా తేడా ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ గోల్విట్జర్, పాస్కల్ షీరన్ 2006లో ఈ రకపు 'ఇలా జరిగితే అలా చేస్తాను' సంకల్పాల మీద జరిగిన 94 పరీక్షలను కలిపి లెక్కవేసి, వాటి ప్రభావం ఒక మోస్తరు నుంచి ఎక్కువ వరకు ఉందని తేల్చారు. స్వీడన్‌లో వెయ్యి మందికి పైగా పాల్గొన్న 2020 నాటి అధ్యయనంలో, ఏదో ఒకటి చేస్తానని తీర్మానించుకున్నవారిలో 58.9 శాతం, ఏదో ఒకటి మానేస్తానని తీర్మానించుకున్నవారిలో 47.1 శాతం ఏడాది తర్వాత తాము నెగ్గామని చెప్పారు. పిల్లలకు బడిలో పట్టుదల గురించి బోధించి, తప్పినవారిని ఆరంభశూరులని ఎత్తిపొడిచే బదులు, ఏ పని ఎప్పుడు, ఎక్కడ, దేని వెంట చేస్తారో ఒక వాక్యంలో రాయించడం ఎంత సులభం! దీక్షలోని సంకేతాలన్నిటినీ మాలతో పాటు తీసేయవలసిన అవసరం కూడా లేదు. తెల్లవారుజాము స్నానం, దీపం ముందు కూర్చునే పావుగంట అలాగే ఉంచుకోవచ్చు.

నడక, వ్యాయామం మొదలుపెట్టేవారికి ఇంకొక వెసులుబాటు ఉంది. అలిసన్ ఫిలిప్స్, బెంజమిన్ గార్డ్‌నర్ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎవరు ఎంత తరచుగా వ్యాయామం చేస్తారో చెప్పగలిగినది ఆ పనికి పూనుకోవడం ఎంత అలవాటైందన్నదే గాని, వ్యాయామం చేసే తీరు ఎంత అలవాటైందన్నది కాదు. పాల ప్యాకెట్టు లోపల పెట్టగానే బూట్లు తొడుక్కోవడం అనే ఒక్క కదలికను స్థిరపరచుకుంటే, ఆ తర్వాత చెరువుగట్టు మీద నడిచినా, కాలనీ చుట్టూ తిరిగినా, ఒకనాడు పది నిమిషాలకే వెనక్కి వచ్చినా నష్టం లేదు.